26 డాలర్ల బడి

1967-68 విద్యా సంవత్సరంలో, టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియో నగరంలో పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాల లెక్క ఇది. ఊరికి పడమటి వైపున్న ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువ మీద 1.05 డాలర్లు బడిపన్ను వేసేవాళ్ళు. ఆ నగర ప్రాంతం మొత్తంలో అంతకంటే ఎక్కువ రేటు ఇంకెక్కడా లేదు. ఉత్తరాన ఉన్న అలమో హైట్స్‌లో రేటు 85 సెంట్లే. రాష్ట్ర పథకానికి కట్టాల్సిన వాటా పోగా, ఈ పన్ను నుంచి ఒక్కో పిల్లవాడి చదువుకి ఎడ్జ్‌వుడ్‌లో మిగిలింది 26 డాలర్లు. అలమో హైట్స్‌లో మిగిలింది 333.

అంటే ఎక్కువ రేటున పన్ను కట్టినవాళ్ళ పిల్లలకి పన్నెండో వంతు కూడా దక్కలేదు. ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు. అంతా చట్టప్రకారమే జరిగింది. ఆ చట్టాన్ని ఐదేళ్ళ తర్వాత అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. ఆ తీర్పు పేరు 'శాన్ ఆంటోనియో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ రోడ్రిగెజ్'. అమెరికాలో బడుల చరిత్ర అనగానే మనకి 1954 నాటి బ్రౌన్ తీర్పు గుర్తొస్తుంది. నల్లపిల్లల్ని, తెల్లపిల్లల్ని వేర్వేరు బడుల్లో పెట్టడం తప్పని చెప్పిన తీర్పు అది. రోడ్రిగెజ్ గురించి మన దగ్గర మాట్లాడుకోవడం తక్కువ. కానీ అక్కడి తెలుగువాళ్ళ జీవితాల్ని ఈ రెండోదే ఎక్కువగా నడిపిస్తోందని నాకనిపిస్తుంది.

ఎందుకంటారా? మా పెదనాన్న కొడుకు డాలస్ శివార్లలో ఇల్లు వెతుక్కునే రోజుల్లో ఫోన్ చేస్తే బెడ్‌రూములెన్నో, ధరెంతో చెప్పేవాడు కాదు. "ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూడాల్రా, ఇల్లు తర్వాత" అనేవాడు. ఇప్పుడు ఏటా ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. కౌంటీవాళ్ళు ఇంటికి కట్టిన విలువ ఎక్కువైందని 'ప్రొటెస్ట్' ఎలా వేయాలి, పక్కింటి అమ్మకం ధర ఎలా చూపించాలి, ఇవే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ మేరకు ఆస్తిపన్ను గట్టిగా తగులుతుంది. అందులో పెద్ద వాటా బడిదే. మంచి బడి కావాలి, ఇంటి విలువ పెరగాలి, పన్ను కాగితం మీద మాత్రం ఆ విలువ తగ్గాలి. మావాడి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను. ఆ ఏర్పాటు మనుషుల చేత చేయించే పనే అది.

ఈ ఏర్పాటులో మూడు పనులుంటాయి. మొదటిది మదింపు: మీ ఇల్లు, దుకాణం, ఫ్యాక్టరీ విలువ ఎంతో ఒక అధికారి తేల్చడం. రెండోది రేటు: ఆ విలువలో నూటికి ఎంత వసూలు చేయాలో నిర్ణయించడం. ఈ రెండింటి గురించే జనం కొట్టుకుంటారు. మూడోది సరిహద్దు. వసూలైన డబ్బు ఏ గీతకి లోపలున్న పిల్లలకి చెందుతుందనేది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు. ఒకే నగరంలో పది పన్నెండు ఉండొచ్చు. దేనికి దానికి సొంత బోర్డు, సొంత పన్ను, సొంత భవనాలు.

ఎడ్జ్‌వుడ్ గీత లోపల 25 బడులు, దాదాపు 22,000 మంది పిల్లలు. నూటికి 90 మంది మెక్సికన్ అమెరికన్లు, ఆరుగురికి పైగా నల్లజాతివాళ్ళు. కార్ఖానాలు, పెద్ద వ్యాపారాలు దాదాపు లేవు. ఉన్నవన్నీ కూలీనాలీ చేసుకునేవాళ్ళ చిన్న ఇళ్ళు. మొత్తం ఆస్తి విలువను పిల్లల సంఖ్యతో భాగిస్తే తలకి 5,960 డాలర్లు. అలమో హైట్స్‌లో ఆరు బడులు, 5,000 మంది పిల్లలు, తలకి 49,000 డాలర్ల పైచిలుకు ఆస్తి. ఎవరెక్కడ ఇల్లు కొనుక్కున్నారన్నది కూడా యాదృచ్ఛికం కాదు. మెక్సికన్లకి, నల్లవాళ్ళకి అమ్మకూడదని ఇళ్ళ దస్తావేజుల్లోనే షరతులు రాసుకున్న కాలం ఒకటి ఉండేది. ఆ షరతులున్న పేటల్లో ఆస్తుల విలువ పెరిగింది. అక్కడ చోటు దొరకనివాళ్ళు పడమటి వైపు చేరారు. తర్వాత కోర్టులు ఆ షరతులు చెల్లవన్నాయి గానీ, బడిపన్ను లెక్క మాత్రం ఆ పాత పటం మీదే నడుస్తూ వచ్చింది.

రాష్ట్రం ఈ తేడాని పూడ్చలేదా? పూడ్చడానికని 1949లో ఒక పథకం తెచ్చారు. ఉపాధ్యాయుల జీతాలు, బస్సులు వగైరా కనీస ఖర్చుల్లో 80 శాతం దాకా రాష్ట్రం, మిగతాది స్థానికులు. 1967-68లో ఆ పథకం కింద ఎడ్జ్‌వుడ్‌కి తలకి 222 డాలర్లు వచ్చాయి. అలమో హైట్స్‌కి 225. సమం చేయాల్సిన పథకం ఉన్నవాళ్ళకే మూడు డాలర్లు ఎక్కువిచ్చింది. కేంద్రం నుంచి వచ్చింది కూడా కలిపితే అక్కడ మొత్తం 356, ఇక్కడ 594.

1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ నుంచి దాదాపు 400 మంది విద్యార్థులు బయటికొచ్చి సూపరింటెండెంట్ ఆఫీసుకి నడిచారు. బడిలో సామగ్రి లేదు, అర్హత ఉన్న టీచర్లు లేరు, భవనం బాగాలేదు. వాళ్ళ గొడవ ఇది. తర్వాత తల్లిదండ్రులు ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో డిమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పనివాడు ఒకడు. సైన్యంలో పనిచేసి వచ్చాడు, కెల్లీ వైమానిక స్థావరంలో ఉద్యోగం. అతని కొడుకులు చదివే ప్రాథమిక పాఠశాలలో ఇటుకలు రాలేవి, గబ్బిలాలు తిరిగేవి, పై భాగం పనికిరాదని మూసేశారు.

తల్లిదండ్రులకి మొదట వచ్చిన అనుమానం మనకీ వచ్చేదే. డిస్ట్రిక్ట్ ఆఫీసువాళ్ళు డబ్బు తినేస్తున్నారేమోనని. ఆర్థర్ గోచ్‌మన్ అనే న్యాయవాది దగ్గరికి వెళ్ళారు. ఆయన లెక్కలు చూసి, తినడానికి అసలక్కడ డబ్బుంటే కదా, తప్పు డబ్బు పుట్టే పద్ధతిలోనే ఉందని చెప్పాడు. ఆ వేసవిలోనే కేసు వేశారు. మొదట్లో శాన్ ఆంటోనియో నగర స్కూల్ డిస్ట్రిక్ట్ కూడా ప్రతివాదుల్లో ఉండేది. తర్వాత అది బయటపడి వాదుల వైపే మొగ్గింది, ఎందుకంటే తనూ పేద డిస్ట్రిక్టే. కేసు పేరులో మాత్రం అలా మిగిలిపోయింది.

1971 డిసెంబర్ 23న ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ కోర్టు ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమంది. మార్చుకోవడానికి రాష్ట్రానికి రెండేళ్ళు గడువిచ్చింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1973 మార్చి 21న తీర్పు వచ్చింది: ఐదుగురు రాష్ట్రం వైపు, నలుగురు రోడ్రిగెజ్ వైపు.

మెజారిటీ తీర్పు రాసిన లూయిస్ పావెల్ అంతకుముందు వర్జీనియాలో రిచ్‌మండ్ స్కూల్ బోర్డుకి అధ్యక్షుడిగా చేసినవాడు. ఆయన వాదన సారాంశం మూడు మాటల్లో చెప్పొచ్చు. అమెరికా రాజ్యాంగంలో చదువు హక్కు ఎక్కడా రాసిలేదు. పేద డిస్ట్రిక్టులో ఉండటమనేది జాతిలాగా కోర్టు ప్రత్యేకంగా కాపాడాల్సిన వర్గం కాదు. ఊరి బడిని ఊరివాళ్ళే నడుపుకోవడం, తమ పిల్లలకి ఎంత ఖర్చుపెట్టాలో తామే నిర్ణయించుకోవడం రాష్ట్రానికి సమంజసమైన లక్ష్యమే.

ఈ మూడో మాటని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు. నేనలా అనుకోను. కళ్ళముందున్న బడికి మన చేత్తో పన్ను కట్టి, బోర్డుని మనమే ఎన్నుకుని, భవనం కట్టాలా వద్దా అని మనమే ఓటేయడంలో నిజమైన ప్రజాస్వామ్యం ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఎడ్జ్‌వుడ్‌కి ఆ అధికారం కాగితం మీదే ఉంది. భిన్నాభిప్రాయం రాసిన బైరన్ వైట్ దీన్ని అంకెల్లో చూపించాడు. ఆ కౌంటీలో అన్నిటికంటే ఎక్కువ రాబడి ఉన్న డిస్ట్రిక్టుతో సమానం కావాలంటే అలమో హైట్స్ నూటికి 68 సెంట్ల రేటు వేస్తే చాలు. ఎడ్జ్‌వుడ్ 5.76 డాలర్లు వేయాలి. రాష్ట్ర చట్టమేమో 1.50 దాటకూడదంటుంది. అంటే తమ పిల్లలకి ఎక్కువ ఖర్చుపెట్టుకుందామని ఊరంతా చేతులెత్తినా చట్టం ఒప్పుకోదు. బ్రౌన్ కేసు వాదించిన న్యాయవాది తర్గుడ్ మార్షల్ అప్పటికి అదే కోర్టులో న్యాయమూర్తి. సమానమైన చదువు అనే మాట నుంచి దేశం వెనక్కి నడుస్తోందని ఆయన చాలా పొడవైన అసమ్మతి తీర్పు రాశాడు.

ఇక్కడ భవనాల సంగతి విడిగా చెప్పుకోవాలి. టీచరు జీతంలో రాష్ట్రం వాటా ఎంతోకొంత ఉంది. గదులకి, పైకప్పుకి, ప్రయోగశాలకి అదీ లేదు. కొత్త బడి కట్టాలంటే డిస్ట్రిక్ట్ బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోవాలి. ఆ అప్పు తీర్చడానికి స్థానికులు ఓటేసి ఇంకో పన్ను తమ నెత్తిన వేసుకోవాలి. ఆస్తి విలువ తక్కువున్న చోట ఒక్క భవనం అప్పుకే రేటు భరించలేనంత పెరుగుతుంది. అందుకే పేద డిస్ట్రిక్టులో మొదట పాడయ్యేది గోడే, చివర్న బాగుపడేదీ గోడే.

ఫెడరల్ కోర్టు తలుపు మూసుకున్నాక, పోరాటం టెక్సాస్ సొంత రాజ్యాంగం వైపు మళ్ళింది. అమెరికా రాజ్యాంగంలో లేని మాట 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగంలో ఉంది. ఉచిత ప్రభుత్వ బడుల 'సమర్థమైన' వ్యవస్థను ఏర్పాటు చేయడం శాసనసభ విధి అని. 1984లో ఎడ్జ్‌వుడ్ మళ్ళీ కేసు వేసింది, రోడ్రిగెజ్ ఇందులోనూ వాది. 1989 అక్టోబర్ 2న రాష్ట్ర సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ వైపు తీర్పిచ్చారు. అప్పటి లెక్కలు ఇంకా ఘోరం. రాష్ట్రంలో అత్యంత ధనిక డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి 1.4 కోట్ల డాలర్ల పైన ఆస్తి, అత్యంత పేద డిస్ట్రిక్టులో దాదాపు 20,000. ఒకటికి ఏడొందల తేడా. ఎడ్జ్‌వుడ్‌కి 38,854, అలమో హైట్స్‌కి 5,70,109. బడి భవనాలకి గానీ వాటి అప్పులకి గానీ రాష్ట్ర పథకంలో పైసా కేటాయింపు లేదన్న సంగతి కోర్టు ప్రత్యేకంగా ఎత్తిచూపింది.

తర్వాత నాలుగేళ్ళు శాసనసభ చట్టాలు చేయడం, కోర్టు కొట్టేయడం. చివరికి 1993లో ఒక చట్టం నిలబడింది. జనం దానికి పెట్టిన పేరు 'రాబిన్ హుడ్'. తలకి 2,80,000 డాలర్లకు మించి ఆస్తి ఉన్న డిస్ట్రిక్ట్ మిగులును ఏదో ఒక రూపంలో పంచాలన్నది అప్పటి నియమం. 1995లో కోర్టు దీన్ని సమర్థిస్తూనే, భవనాలకి విడిగా నిధులు లేకపోవడం మున్ముందు రాజ్యాంగ సమస్య అవుతుందని హెచ్చరించింది. 1997లో గానీ పేద డిస్ట్రిక్టుల తరగతి గదుల అప్పులకి రాష్ట్రం సాయం మొదలవలేదు. ఎడ్జ్‌వుడ్ పిల్లలు రోడ్డెక్కి అప్పటికి 29 ఏళ్ళు. ఆ రోజు నడిచినవాళ్ళకి నలభై ఏళ్ళు దాటి ఉంటాయి.

మరి కథ సుఖాంతమేనా అంటే, మదింపు దగ్గర ఇంకో ముడి పడింది. ధనిక డిస్ట్రిక్ట్ అంటే ధనికుల పిల్లలు చదివేదని కాదు, ఆస్తుల విలువ ఎక్కువున్నదని. హ్యూస్టన్‌లో పిల్లల్లో అత్యధికులు పేద కుటుంబాలవాళ్ళే. కానీ నడిబొడ్డున ఆఫీసు టవర్లున్నాయి, స్థలాల ధరలు పెరిగాయి. లెక్కలో ఆ డిస్ట్రిక్ట్ 'ధనికుల' జాబితాకెక్కింది. డబ్బు కట్టమంటే 2016 నవంబర్‌లో ఓటర్లు కుదరదన్నారు. కట్టకపోతే ఖరీదైన ఆస్తుల్నే విడదీసి వేరే డిస్ట్రిక్టులకి ఇచ్చేసే వీలు చట్టంలో ఉండటంతో 2017 మేలో ఒప్పుకున్నారు.

కాలిఫోర్నియా ఇంకో దారి చూపింది. అక్కడ 1971లోనే సెరానో కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆస్తిపన్నుతో బడుల్ని నడిపే తీరుని తప్పుపట్టింది. 1978 జూన్‌లో ఓటర్లు 'ప్రపోజిషన్ 13' తెచ్చారు. పన్ను విలువలో ఒక శాతం మించకూడదు. మదింపు 1975 నాటి విలువకి వెనక్కి వెళ్ళాలి. ఆ తర్వాత, ఇల్లు చేతులు మారేదాకా, ఏటా రెండు శాతం మించి పెరగకూడదు. ఫలితంగా పక్కపక్కనే ఒకేలాంటి రెండిళ్ళుంటే, ఎప్పుడో కొన్నవాళ్ళు కట్టేదానికి నిన్న కొన్నవాళ్ళు ఎన్నో రెట్లు కట్టాలి. బడి బాండ్లకి మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సి వచ్చేది. 2000లో దాన్ని 55 శాతానికి తగ్గించారు. నా డబ్బు నా వీధి బడికే పోదని తెలిశాక జనానికి పన్ను కట్టాలనే మనసు పోయింది, ప్రపోజిషన్ 13కి సెరానో తీర్పే కారణం అని కొందరు ఆర్థికవేత్తలు వాదించారు, మరికొందరు ఖండించారు. వాదన తేలినా తేలకపోయినా అడగాల్సిన ప్రశ్న అదే. మన గీత బయట ఉన్న పిల్లవాడి బడికి మనం ఎంతవరకు ఇస్తాం?

ఇది చదువుతూ మనం నయం అనుకోవడం తేలిక. చదువు హక్కు విషయంలో నిజంగానే నయం. పావెల్ తీర్పుకి సరిగ్గా ఇరవయ్యేళ్ళకి, 1993లో, మన సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. అది 'ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం' కేసు, ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజుల తగాదాలోంచి వచ్చింది. 2002లో 86వ సవరణతో అది రాజ్యాంగంలోకే ఎక్కింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో భవనం ఎలా ఉండాలో కూడా ఉంది. టీచరుకో గది, ఆడపిల్లలకి మగపిల్లలకి వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కోర్టులో అడగలేకపోయినవి మన చట్టంలో అక్షరాలా రాసున్నాయి.

కాకపోతే మన ఇంటిపన్నుకీ మన వీధి బడికీ సంబంధం దాదాపు తెగిపోయింది. బడి గోడ కట్టేది రాష్ట్ర బడ్జెట్. ఆంధ్రలో నాడు-నేడు అన్నా, తెలంగాణలో మన ఊరు-మన బడి అన్నా, పై నుంచి పథకం రావాలి. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. కింద నుంచి అడిగే మనిషి చేతిలో లెక్క ఉండదు.

ఒక్క చోట మాత్రం ఆ పాత సంబంధం ఇంకా బతికుంది. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని ఓ చిన్న పంక్తి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమచేయాలి. మన ఇంటి విలువనుంచి మన ఊళ్ళో పుస్తకాలకి, ఆ పుస్తకాలున్న గదికి నేరుగా వెళ్ళాల్సిన డబ్బు. చాలా చోట్ల వసూలవుతుంది గానీ జమకాదు. బకాయిలు కోట్లలో పేరుకున్నాయని జిల్లా పేజీల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. కొండాపూర్‌లోనో గాజువాకలోనో కొత్త ఫ్లాట్లు లేచిన కొద్దీ ఈ డబ్బు పెరగాలి. పక్కనున్న శాఖా గ్రంథాలయంలో మాత్రం ఫ్యాను తిరగదు.

రోడ్రిగెజ్ 2013లో, 87 ఏళ్ళ వయసులో చనిపోయాడు. 1973లో అతను ఓడిపోయాడు, కానీ గోడలకే అంటుకుపోయిన ఒక ప్రశ్నని లెక్కల్లోకి లాగాడు. అతని దగ్గర, అతని న్యాయవాది దగ్గర ఉన్న ఆయుధం ఒకటే. ఎవరి ఇంటికి ఎంత విలువ కట్టారు, రేటెంత, వచ్చిన డబ్బు ఏ గీత లోపల ఆగిపోయింది అనే మూడు అంకెలు. మనకి హక్కు పుస్తకంలో ఉంది, ఆ అంకెలు చేతిలో లేవు. ఈసారి ఇంటిపన్ను కట్టినప్పుడు గ్రంథాలయ పన్ను పంక్తి ఒకసారి చూడండి. పోయిన ఏడాది మీ ఊళ్ళో అది మొత్తం ఎంత వసూలైంది, అందులో ఎంత జమైంది అని సమాచార హక్కు కింద అడగడానికి పది రూపాయలు చాలు.